నిలబడి తిన్నవి

తూకం మిషను మీద చెంచా పెట్టి, అంకె సున్నాకి వచ్చేదాకా ఆగి, నూనెను చుక్కలుగా వదిలింది. రెండు గ్రాములు. అంకె మూడు వైపు వణికేసరికి చెంచా వంచి ఒక చుక్క సీసాలోకి వెనక్కి పోసింది. మూడు నెలలుగా ఆమెకి ఇలాగే తెల్లారుతోంది. చిన్న గిన్నెలో తన కూర, పెద్ద మూకుడులో భర్తకీ కూతురికీ అత్తగారికీ కూర.

రోజంతటికీ ఇరవై గ్రాముల కొవ్వు, అంతే. అంతకు మించితే అది ఆమె రక్తంలో కరగక నిలిచిపోతుంది. ఆసుపత్రిలో తీసిన రక్తం కాసేపటికి పైన మీగడ కట్టినట్టు తెల్లగా తేరింది. కడుపులో క్లోమం వాచి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఆరు రోజులు మంచం మీద ముడుచుకుపోయింది. "ఇంకోసారి ఇలా వస్తే నేను మాట ఇవ్వలేనమ్మా," అన్నాడు డాక్టరు. అమ్మలోనూ నాన్నలోనూ నిద్రపోయిన లోపమే ఆమెలో లేచి కూర్చుందని కూడా చెప్పాడు.

"చూసి చూసి మీ అమ్మా నాన్నా కలిసి ఇదా ఇచ్చి పంపింది?" అంది అత్తగారు. భర్త నవ్వాడు. "చూడ్డానికి పుల్ల. ఒంట్లో లేని కొవ్వంతా రక్తంలో దాచుకుంది!" ఆమె కూడా నవ్వింది. నవ్వితే పిగిలిపోవడానికి కుట్లేమీ లేవు కదా అనుకుంది.

అందరూ తిని లేచాక, కంచాలు తీసేశాక, తన గిన్నె ముందేసుకుని కూర్చునేది. తిన్న ప్రతిదీ నోటుపుస్తకంలో రాసేది. ఆఫీసులో ఎవరి పుట్టినరోజు కేకూ ముట్టలేదు. "ఒక్క ముక్కకి చచ్చిపోతావా ఏంటి?" అని పక్క సీటావిడ మూతి ముడిచినా ముట్టలేదు. అయినా నిన్న వచ్చిన రక్తం రిపోర్టులో కొవ్వు అంకె తగ్గకపోగా పెరిగింది.

"దొంగతిండి తింటోందిరా," అంది అత్తగారు, ఆమెకి వినిపించేలా. "తింటే తిన్నానని చెప్పు, నేనేమన్నా కొడతానా?" అన్నాడు భర్త. రాత్రంతా తనమీద తనకే అనుమానం. నిద్రలో లేచి తింటున్నానా?

ఉదయం ఆసుపత్రిలో డైటీషియన్ ఆమె పుస్తకం ఒక్కో పేజీ తిప్పి చూసింది. కూతురికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే.

"ఈ పుస్తకంలో మనిషికి ఈ రిపోర్టు రాదండీ."

"అందులో అబద్ధం లేదమ్మా."

"నేనలా అనట్లేదు. నిన్న సాయంత్రం వంటయ్యాక ఏం చేశారో చెప్పండి. తిన్నది కాదు, చేసింది."

చెప్పింది. వడ్డించాను, మంచినీళ్ళు పెట్టాను, కంచాలు తీశాను, తోమాను.

"కంచాల్లో ఏమీ మిగల్లేదా?"

"ఎందుకు మిగలదూ! పాప చేప ముక్క సగం వదిలేసింది. ఆయన రొట్టెకి అంచులు తినరు, వెన్న రాసినవి. అత్తయ్య బంగాళాదుంప వేపుడు…"

"వాటినేం చేశారు?"

ఆ చేప ముక్క ఎటు పోయిందో నిజంగానే తెలియదు. ముందు నాలుకకి గుర్తొచ్చింది, ఉప్పు. తర్వాత వేళ్ళకి. పంపు దగ్గర నిలబడి, ఎడం చేత్తో కంచం పట్టుకుని, కుడిచెయ్యి నోటికీ కంచానికీ మధ్య తిరిగిన దారంతా గుర్తొచ్చింది. అది తినడమని ఆమెకెప్పుడూ తోచలేదు. గిన్నెలు తోమడంలో మొదటి పని అది, గుడ్డతో బల్ల తుడిచినట్టు. ఆకలేసి తిన్నది కాదు, రుచి చూసి తిన్నది కాదు. కూర్చుని తిన్నవే రాసింది. చిన్నప్పుడు అమ్మ కూడా అంతే, పంపు వైపు తిరిగి నిలబడి ఉండేది. వెనకనుంచి దవడ కదలడం మాత్రం కనిపించేది. "తిన్నావా అమ్మా?" అనడిగితే, "ఇంకా లేదే," అనేది నోటినిండా.

ఇంటికొచ్చి చెప్పింది. భర్త ఊపిరి పీల్చుకున్నాడు. "ఓస్, ఇంతేనా! మానెయ్. అసలు నిన్నెవరు తినమన్నారు?"

నిజమే, ఎవరు తినమన్నారు? మధ్యాహ్నమంతా వెతుక్కుంది. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ తినమనలేదు. కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకసారి భర్త వదిలేసిన సగం కంచం పారేసింది. అత్తగారు చెత్తబుట్ట మూత తీసి చూసి, అందరూ భోజనాల దగ్గరుండగా కొడుకుతో అంది: "మన చెత్తబుట్టకి మంచి ఒళ్ళొచ్చిందిరా." అందరూ నవ్వారు. తనూ నవ్వింది. అంతే. మళ్ళీ ఆ బుట్టకి ఒళ్ళు రానివ్వలేదు.

సాయంత్రం భోజనాలయ్యాయి. మూడు కంచాలు పంపు దగ్గరికి చేరాయి. మీద భర్తది, వేపుడు ముక్కలు నూనెలో మెరుస్తూ. ఇవాళ తెలుసు కదా, ఇవాళ చూస్తూనే ఉంది కదా. అయినా ముక్క నోట్లో ఉంది. ఎప్పుడు పెట్టుకుందో తెలియలేదు. పంపు కిందికి ఉమ్మేసి చెయ్యి వైపు చూసుకుంది. తన చెయ్యే, తన మాట వినదు. ఈ చెయ్యి తనని చంపుతుంది, ఎవరి మీదా నేరం ఉండదు. బుట్ట మూత తీసి కంచం బోర్లించింది.

"ఏంటే ఆ చప్పుడు?" అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "బంగారంలాంటి తిండి పారేస్తున్నావా?"

"పారేసింది మీ అబ్బాయి, అత్తయ్యా," అంది. గొంతు తనదిలా లేదు. "నేను ఇవాళ తినలేదు, అంతే."

అత్తగారు బుట్ట వైపు చూసింది. ముందుగదిలో టీవీ గొంతు తగ్గింది.

ఇంకా రెండు కంచాలున్నాయి.