మరక పడని పట్టీ

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే ఆ దుకాణంలో ఆమెకు గొట్టాలమ్మాయి అని పేరు పెట్టింది పిన్ని. ఎప్పుడు వచ్చినా సంచీ నిండా గాజు గొట్టాలే మరి. మరకలు వదలగొట్టే మందు పనివాళ్ళ ఒంట్లోకి ఎంత చేరుతోందో కొలిచి డాక్టరేట్ తెచ్చుకుందామని పరాయి దేశం వచ్చిన పిల్ల. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి పిన్ని ఒక్కతే. వరసకు పిన్ని కాదు, పిలవగా పిలవగా అయింది.

పిన్ని పదకొండేళ్ళుగా పెద్ద మిషన్ దగ్గరే. ఈమధ్య మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని నడుస్తోంది. డాక్టరు వయసన్నాడు. మందు వల్లేనని కాగితం మీద చూపిస్తే దుకాణం ముందు బల్ల దగ్గర, బట్టలు తీసుకుని రసీదులిచ్చే పనిలో కూర్చోబెడతానని యజమాని అన్నాడు.

అందుకే గొట్టాలమ్మాయి పన్నెండుమంది ఆడవాళ్ళకూ తలా ఒక రబ్బరు పట్టీ ఇచ్చింది. చేతికుంటే చాలు, చుట్టూ గాలిలో ఉన్న మందును అది పీల్చుకుంటుంది. వారానికో పట్టీ చొప్పున ఆరు నెలలు పరీక్షించింది. మందు జాడే లేదు. ఆమె ప్రొఫెసరు థీసిస్‌లో ఆ అధ్యాయం బాగుందన్నాడు. యజమాని స్వీట్లు పంచినంత పని చేశాడు.

"పోనీలేమ్మా, వయసే అయ్యుంటుంది," అంది పిన్ని.

చివరి పట్టీ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు పిన్ని దాన్ని తెల్లటి చేతిరుమాల్లోంచి విప్పింది.

"ఇదిగో, ఒక్క మరక పడనివ్వలేదు. పనిలోకి దిగేముందు తీసి పెట్టెలో పెట్టేదాన్ని, ఇంటికెళ్ళేటప్పుడు వేసుకునేదాన్ని. అందరికీ అదే చెప్పా. ఇంత ఖరీదైంది ఆ మందులో తడిస్తే పాడైపోదూ?"

గొట్టాలమ్మాయి అక్కడే మూటల మీద కూలబడింది. "చాలా ఖరీదైంది, జాగ్రత్త పిన్నీ," అని మొదటిరోజు అప్పజెప్పింది తనే. పనిలో కూడా వేసుకోమని వేరే చెప్పాలని తట్టనేలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?

ఈ సంగతి ప్రొఫెసరుకు తెలియదు. నోరు మూసుకుంటే వచ్చే నెలలో డాక్టరేట్. ఆ రోజంతా ఆమె నోరు మూసుకునే ఉంది కూడా. కానీ పిన్ని గోడ పట్టుకుని నడవడం కళ్ళముందు మెదులుతుంటే అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. చదువు మరో ఆరు నెలలు వెనక్కి పోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది, మళ్ళీ కొత్త పట్టీలు పట్టుకెళ్ళింది.

ఈసారి ఎవరూ తీయలేదు. మిషన్ దగ్గర మందు ఉండదగిన దానికి ఎనిమిది రెట్లు తేలింది. యజమాని మాట తప్పలేదు, పిన్నిని ముందు బల్ల దగ్గరికి మార్చాడు. పది రోజుల్లో కళ్ళు తిరగడం తగ్గింది.

చూసి సంతోషిద్దామని గొట్టాలమ్మాయి వెళ్తే పిన్ని ముఖంలో కళ లేదు.

"ఏమైంది పిన్నీ?"

"మిషన్ దగ్గర కొత్త పిల్లని పెట్టారు. మందు వాసన తియ్యగా బాగుందంటోంది."

గొట్టాలమ్మాయి సంచీ బల్ల మీద పడేసి తిన్నగా యజమాని గదివైపు నడిచింది. పిన్ని, పదకొండేళ్ళకు దొరికిన ఆ కుర్చీలోంచి లేచి, ఆమె వెనకే వెళ్ళింది.