బురదలో నామాలు

పాత టైర్లు నున్నగా అరిగిపోయి, కంచికచర్ల దగ్గర బ్రేకు వేస్తే మా వ్యాను జారి డివైడరు ఎక్కబోయింది. ఆ సాయంత్రమే నందిగామలో బాజీ కొట్లో కొత్త రేడియల్ టైర్లు వేయించాను. జగ్గయ్యపేట చేరేసరికి వానకు మా వీధంతా బురదయింది.

తెల్లవారగానే మా బావ తిరుపతిరావు గుమ్మంలో నిలబడి అరిచాడు. ఆయన నా భార్య పుష్పవతికి అన్న, వేంకటేశ్వరస్వామి గుడి కమిటీకి పెద్ద.

"బయటికి రావయ్యా! నీ బండి చేసిన ఘనకార్యం చూద్దువుగాని!"

చూశాను. కొత్త టైర్ల అచ్చుల్లో రెండు వైపులా వంపు గీతలు, మధ్యలో నిలువు గీత. గుడి మలుపు దాకా బురదలో వరుసగా స్వామి నామాలే.

బాజీకి ఫోన్ చేశాను.

"వాన నీళ్ళు చక్రం కింద నిలవకుండా పక్కలకి పోటానికండీ ఆ గాట్లు. మధ్య గీతుంటే బండి తిన్నగా పోద్ది. కంపెనీ వాళ్ళ డిజైను. దాంట్లో మీకు నామం కనపడితే నేనేం చేసేదండీ?"

బావ ఫోన్ లాక్కుని కట్ చేశాడు. "శనివారంలోగా ఈ టైర్లు తీసెయ్. లేదంటే స్వామి నీ బండెక్కడు."

శ్రావణ శనివారం ఊరేగింపులో స్వామి ఎక్కేది నా వ్యానే. వ్యాను కొన్న ఏడు నుంచీ ఆ సేవ నాదే.

పుష్పవతి ముగ్గు గిన్నెతో బయటికి వచ్చింది. "వదిన మీ వాకిట్లో శంఖుచక్రాల ముగ్గు వేసుద్దిగా అన్నయ్యా. నీ బుల్లెట్టు దాని మీంచి ఎగిరొస్తదా?"

"నోరు ముయ్యవే!"

చక్రం నామాన్ని తొక్కుతోందా, నేలకు దిద్దుతోందా? ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. కాని కొత్తవి తీసి, మళ్ళీ జారే పాత టైర్ల మీద స్వామిని ఎక్కించడానికి మనసొప్పలేదు. తీయలేదు.

శనివారం స్వామిని మా ఊరి కిషోర్‌బాబు ట్రాలీ ఆటో ఎక్కించారు. దాని టైర్ల మీద గీతన్నది లేదు. జల్లు పడుతోంది. గుడి ముందరి ఎత్తు ఎక్కుతూ ట్రాలీ రోడ్డు పక్క కాలవ వైపు వెనక్కి జారింది. పైనున్న అర్చకులుగారు విగ్రహాన్ని కావలించుకున్నారు.

"తొయ్యండ్రా!" అంటూ బావే భుజం ఆనించాడు. నేను పరుగెత్తి ఆయన పక్కన ఆనించాను.

"నువ్వు ముట్టుకోకు! తియ్ చెయ్యి!"

"తీస్తే స్వామి కాలవలో పడతాడు బావా."

బావ పళ్ళు కొరికాడు. "అయితే తోసి చావు. మళ్ళీ నా గడప తొక్కావంటే ఊరుకోను."

తోశాను. ట్రాలీ పైకెక్కింది. అర్చకులుగారు దిగి, తోసినవాళ్ళందరికీ తీర్థం పోస్తూ వచ్చారు. నా ముందుకు రాగానే బావ ఆయన మోచెయ్యి పట్టుకుని అవతలికి నడిపించాడు.

చాచిన నా చెయ్యి అలాగే ఉండిపోయింది.