కుక్కల రొట్టెలో ఉప్పు

జెట్టీ వంటింటి బల్ల దగ్గర నిలబడి మొక్కజొన్న పిండి జల్లిస్తోంది. మర పట్టించి చాలా రోజులైంది, పిండి అక్కడక్కడా ఉండకట్టింది. జల్లెడ కిందికి దిగిన మెత్తటి పిండి తెల్ల గిన్నెలో పడుతోంది. అది మరదలు వెల్డాకి. పైన మిగిలిన నూకా పొట్టూ రేకు డబ్బాలోకి పోతాయి. అవి తమ్ముడు డెల్మర్ వేటకుక్కలకి. వెల్డా ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి జెట్టీ చేసే రొట్టె ఆ రేకు డబ్బాలోదే.

"ఇంకోసారి జల్లించు వదినా," అంది వెల్డా, ఉతికిన బట్టలు మడతపెడుతూ. "నీ చేతికి తగలని నూక నా పంటికి తగుల్తుంది."

"అందులో గోధుమపిండీ, పంచదారా పోశాక ఇంక మొక్కజొన్నెక్కడ తగుల్తుందిలే."

"టౌనులో మా అమ్మ నడిపే బోర్డింగ్ ఇంట్లో అలాగే చేస్తాం. అది తిన్నాక భోజనం మానేసి పోయినవాడు లేడు."

"డబ్బు కట్టేశాక ఎలా మానేస్తారు!"

వెల్డా నవ్వింది. ఆమె చెడ్డ మనిషి కాదు, మాటకి మాట అనడం టౌనులో అలవాటైంది. నవ్వు ఆగాక మడతపెట్టిన దుప్పటి మీద చెయ్యి వేసి, ఎక్కడో చూస్తూ అంది: "అమ్మ మళ్ళీ కబురు చేసింది వదినా. గిన్నెలు తోమే ఆవిడ మానేసిందట. నీకు మేడ మీద గది ఇస్తానంటోంది. సోమవారం పోస్టు లారీ అటే వెళ్తుంది."

జెట్టీ జల్లెడ ఆపలేదు. "డెల్మర్ ఏమన్నాడు?"

"చూద్దాం అన్నాడు."

ఆ 'చూద్దాం' పట్టుకునే జెట్టీ ఈ ఎండాకాలమంతా నెట్టుకొచ్చింది. అక్కని పంపకూడదనుకున్నవాడు చూద్దామనడు, నిజమే. కానీ పంపెయ్యాలనుకున్నవాడు కూడా అనడు కదా. ఇల్లు తండ్రి కొడుకు పేర పెట్టి పోయాడు. కెంటకీ కొండల్లో అది మామూలే, దానికి జెట్టీ ఏనాడూ బాధపడలేదు. తల్లి పోయేనాటికి డెల్మర్ ఇంకా బల్ల అందుకోలేని పిల్లవాడు. వాడికి మజ్జిగలో రొట్టె చిదిమి పెట్టింది తనే, వాడు మొదటిసారి బొగ్గు గనిలో పనికి వెళ్ళిన రోజున డబ్బాలో రొట్టె కట్టిచ్చిందీ తనే. ఈ ఇంట్లో ఉండటానికి అంతకంటే వేరే కాగితం అక్కర్లేదనుకుంది.

వెల్డా మొదటివారంలోనే తల్లి వాడిన ఇనుప పెనం తను తీసుకుంది. ఇంటి ఇల్లాలు రొట్టె చెయ్యాలి కదా, అదీ న్యాయమే. జెట్టీకి తుప్పుపట్టిన పెద్ద రేకు పళ్ళెం మిగిలింది. కుక్కల రొట్టె అంటే ఎవరూ పట్టించుకునేది కాదు: పొట్టూ నీళ్ళూ కలిపి, మిగిలిన కొవ్వు గోకి వేసి, గట్టిపడేదాకా పొయ్యిలో కాలుస్తారు. ఉప్పు వెయ్యరు. కుక్కలకెందుకు ఉప్పు!

కానీ ఒక సాయంత్రం డెల్మర్ గని నుంచి వచ్చి, ముఖమైనా కడుక్కోకుండా, వెనక మెట్ల మీద చల్లారుతున్న ఆ రొట్టెలోంచి ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మళ్ళీ ఒక ముక్క విరిచాడు. జెట్టీ కిటికీలోంచి చూసింది.

మర్నాటి నుంచి రేకు డబ్బాలోకి నాలుగు గుప్పెళ్ళ మంచి పిండి వెళ్ళింది. నీళ్ళ బదులు ఊట నీళ్ళలో చల్లగా దాచిన పుల్లటి మజ్జిగ వెళ్ళింది. పళ్ళెంలో పంది కొవ్వు వేసి పొగ వచ్చేదాకా కాచి, అప్పుడు పిండి పోసేది. అంచులు చుయ్యిమని ఎర్రబడేవి. ఉప్పు కూడా పడింది, ఆమె తల్లి ఎంత వేసేదో అంత. డెల్మర్ రోజూ కుక్కల మధ్య నిలబడి తినేవాడు. అక్కతో ఒక్క మాట అనలేదు. ఆమె కూడా అడగలేదు.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని వెల్డా రొట్టెలో సగం ముక్క కొరికి, గనిలో గాలి ఆకలి చంపేస్తోందనేవాడు. మిగిలిన రొట్టెని వెల్డా గుడ్డలో చుట్టి జాలీ బీరువాలో పెట్టేది. నిన్నటిదాని మీద ఇవాళ్టిది. వారం తిరిగేసరికి బూజు పట్టినదంతా చిదిమి కోళ్ళకి చల్లేది. ఒకసారి అలా చల్లుతూ గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది. జెట్టీ చూసి సంతోషించింది. ఆ సంతోషం ఆమెకే నచ్చలేదు, అయినా మర్నాడు కూడా మజ్జిగ పోసింది.

ఆ శనివారం సాయంత్రం పక్క లోయ నుంచి క్లీటస్ వచ్చాడు. ముసలాడు, నక్కల వేటంటే ప్రాణం; వేటకొచ్చిన రాత్రి అతని కుక్కలకీ ఇక్కడి రొట్టే. తన కుక్కల్ని వెంటేసుకుని వెనక వాకిట్లోకి వస్తూనే పెద్దగా నవ్వాడు.

"అమ్మాయ్ వెల్డా! ఇలా వచ్చి చూడు. నీ మొగుడు నా కుక్కల వంతు కూడా లాగించేస్తున్నాడు!"

"మామా, ఊరుకో," అన్నాడు డెల్మర్, నోటినిండా రొట్టెతో.

"ఊరుకోవడమేంటిరా, పోయినసారీ ఇంతే. ఇంట్లో కూడు పెట్టట్లేదా ఏంటమ్మా?"

వెల్డా నవ్వుతూనే బయటికొచ్చింది. భర్త చేతిలో ముక్క చూసింది, గడ్డం మీద పొడి చూసింది. వంగి, పళ్ళెంలోంచి చిన్న ముక్క విరిచి తను కూడా నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది. నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. గుమ్మంలో నిలబడ్డ జెట్టీ వైపు తిరిగింది.

"కుక్కల రొట్టెలో ఉప్పెందుకు వదినా?"

జెట్టీ గుమ్మం దిగి పళ్ళెం అందుకోబోయింది.

"మజ్జిగ కూడా పోశావు. నాకు కావాలంటే అయిపోయిందంటావు."

క్లీటస్ టోపీ సర్దుకున్నాడు. "నేనేదో తమాషాకన్నాను తల్లీ," అని గొణిగి, కుక్కల్ని ఈలవేసి పిలుచుకుని గేటు దాటేశాడు.

ముగ్గురూ లోపలికి వచ్చారు. వెల్డా జాలీ బీరువా తెరిచి, గుడ్డ మూటలన్నీ తీసి బల్ల మీద విసిరింది. "ఇవన్నీ నేను చేసినవి. పొద్దున్నే లేచి చేసినవి. నాకు చెయ్యడం రాదేమో, ఏం తక్కువైందోనని రోజూ కుమిలి చస్తుంటే, నువ్వు నా మొగుడికి కుక్కల పళ్ళెంలో పెట్టి మేపుతున్నావా?"

"వాడికి చిన్నప్పటినుంచీ అదే అలవాటు వెల్డా."

"అయితే నాతో చెప్పొచ్చుగా! నేర్పొచ్చుగా!"

ఆ మాట జెట్టీకి సూటిగా తగిలింది. నేర్పొచ్చు. ఎన్ని సాయంత్రాలు ఈ బల్ల దగ్గరే ఇద్దరూ నిలబడ్డారు. కానీ నేర్పేస్తే ఇంక తన దగ్గర మిగిలేదేమిటి?

వెల్డా భర్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పు డెల్మర్. ఎవరి రొట్టె కావాలి నీకు? ఇవాళే తేలిపోవాలి."

డెల్మర్ ఇద్దరినీ చూడలేదు. చొక్కా మీది పొడి దులుపుకున్నాడు. "నాకేం తెలుసు? కుక్కలకేం పెడుతోందో చూద్దామని నోట్లో వేసుకున్నా. రాయిలా ఉంది. అందులో ఏముందని ఇంత గొడవ?"

 వెల్డాకి తెలుసు అది అబద్ధమని, జెట్టీకీ తెలుసు. అయినా వెల్డా ఆ అబద్ధాన్నే తీసుకుంది. అంతకంటే మంచిది ఆమెకి ఆ పూట దొరికేలా లేదు.

"విన్నావుగా వదినా," అంది, గొంతు తగ్గించి. "సోమవారం లారీకి బట్టలు సర్దుకో."

 జెట్టీ తమ్ముడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది. అతని చెవి వెనక బొగ్గు మసి ఇంకా అలాగే ఉంది. చిన్నప్పుడైతే చెవి పట్టుకుని కడిగేది.

"రాయిలా ఉందంటే ఉందనుకో. దాని సంగతి నాకొద్దు. ఒక్కటే చెప్పు డెల్మర్, ఆవిడ కాదు, నువ్వు చెప్పు. నన్ను పొమ్మంటావా, ఉండమంటావా? నువ్వు పొమ్మంటే లారీ దాకా అక్కర్లేదు, ఇప్పుడే నడిచిపోతాను."

డెల్మర్ ఒకసారి అక్క ముఖంలోకి చూశాడు. పెదవి కదిలినట్టే అనిపించింది.  అతను ఆమె పక్కనించి చెయ్యి చాచి మేకుకున్న టోపీ తీసుకున్నాడు. తలుపు తోసుకుని, వెనక్కి చూడకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఈసారి 'చూద్దాం' అని కూడా అనలేదు.