పాప నిద్ర గురించి నేను చెప్పిన సాక్ష్యం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా తెలియనితనం వల్ల నా బిడ్డకు నష్టం జరుగుతుందేమోనని. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగిపోయింది. మందు సీసా మీద రాసింది మూడుసార్లు చదివితే గానీ చెంచాలో పొయ్యను.

అలాంటి నేను, పాపకు ఏడో నెలలో, సంఘంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. "డ్రమ్ములు మోగుతున్నా, స్పీకరు పక్కన పడుకోబెట్టినా నా బిడ్డ కదలకుండా నిద్రపోతుంది. ఇది దేవుడిచ్చిన శాంతి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరమ్మగారు పాపను ఎత్తుకుని, "మా ఆయన ప్రసంగానికి నిద్రపోయేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, పాటలకు కూడా నిద్రపోయేది ఇదొక్కతే" అని నవ్వించారు.

నవ్వనిది ప్రెస్ అక్క ఒక్కతే. ఆమె ఇరవై ఏళ్లుగా అచ్చు యంత్రాల మధ్య పనిచేస్తోంది. ఆ రొదకు చెవులు సగం పోయాయి. అందుకే ఆమె గుసగుసలాడినా గేటు దాకా వినిపిస్తుంది. తరువాతి ఆదివారం అందరం కళ్లు మూసుకుని మౌనంగా ప్రార్థన చేసుకుంటుంటే, నా వైపు వంగి, తన లెక్కలో మహా రహస్యంగా చెప్పింది.

"చెల్లీ, ఆ నిద్ర నాకు మంచిగా అనిపించట్లేదు. పాపకు చెవులు చూపించు."

సంఘమంతా కళ్లు తెరిచింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చాక మెట్ల మీద అనేశాను: "మీకు పిల్లలు లేరు. ఉన్నవాళ్లను చూసి ఓర్వలేకపోతున్నారు." ఆమె నా పెదాల వైపే చూస్తోంది. వినపడలేదేమో అనుకున్నాను. అర్థమైందని మొహం చూస్తే తెలిసింది.

ఇంటికెళ్లాక మా ఆయన, "ఒకసారి చూపిస్తే పోలా?" అన్నాడు. ఆయన మీదా విసుక్కున్నాను. మరుసటి వారం వేరే వరసలో కూర్చున్నాను. అక్కకు వందనం కూడా చెప్పలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. ప్రెస్ అక్క. వేళ్ల నిండా సిరా.

"ఒక పళ్లెం, గరిటె ఇవ్వు."

"భోజనానికి వచ్చారా?" అన్నాను వెటకారంగా.

"మొన్న నువ్వు పెట్టిన తిట్లతో కడుపు నిండే ఉంది. ఇవ్వు."

పాప దిండ్ల మధ్య కూర్చుని బొమ్మ కాలు నములుతోంది. అక్క దాని వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో ఠంగుమని కొట్టింది. పాప తిరగలేదు. నేను గరిటె లాక్కుని పళ్లెం మీద కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. పైవాటా ఆయన, "ఏమ్మా, ఇల్లు కూలుతోందా?" అని కేకేశాడు. పాప నములుతూనే ఉంది. అక్క ముందుకొచ్చి చేయి ఊపితే మాత్రం కిలకిలా నవ్వింది.

గరిటె కింద పెట్టేశాను. "అందరి ముందూ సాక్ష్యం చెప్పానక్కా."

"చెప్పావులే. దేవుడేమీ నొచ్చుకోడు. రేపటికి సెలవు పెట్టుకుని వచ్చాను, ఆస్పత్రికి పోదాం."

"మెట్ల మీద నేనన్న మాట..."

"నొప్పించింది. నొప్పి లేదని అబద్ధం చెప్పను. ఏడుపు తరువాత, ముందు పాప కాగితాలన్నీ సంచిలో పెట్టు."

డాక్టరమ్మ పరీక్షలు చేసి, రెండు చెవులకూ చాలా తక్కువ వినిపిస్తోందని చెప్పింది. ఇంత చిన్నప్పుడే తెలియడం మేలైందని, చెవులకు వినికిడి యంత్రాలు పెట్టి ఇప్పటినుంచే మాటలు నేర్పుదామంది. నాకు అర్థం కానిచోటల్లా "మళ్లీ చెప్పండి" అన్నాను. సిగ్గేయలేదు. పక్కన అక్క నాకన్నా ఎక్కువసార్లు "ఆఁ? ఏమన్నారు?" అంటోంది మరి.

ఇప్పుడు పాపకు పదకొండో నెల. "బంగారూ" అంటే తిరిగి చూస్తుంది. ప్రతిసారీ కాదు, కానీ చూస్తుంది. సంఘంలో మళ్లీ లేచి, నేను చెప్పింది పొరపాటని ఒప్పుకున్నాను. అక్కను ఏమన్నానో అదీ దాచలేదు. ఈసారి చప్పట్లు లేవు. పాస్టరమ్మగారు మాత్రం లేచొచ్చి, "నేనూ నవ్వాను కదమ్మా" అంటూ అక్క చేతులు పట్టుకున్నారు.

నా భయం పూర్తిగా పోలేదు. అయినా, నేను తప్పు చేస్తుంటే నా మొహం మీదే చెప్పే మనిషి ఉందని ధైర్యంగా పడుకుంటున్నాను.

మీ సంఘంలోనూ మీ మేలు కోరి నచ్చని మాట చెప్పి, మీ చేత మాట పడ్డ మనిషి ఉండే ఉంటారు. మా అక్క తనే మా గడప తొక్కింది. అందరికీ అంత గుండె ఉండదు. ఈ వారం మీరే వాళ్లింటికి వెళ్లి, ఎలా ఉన్నారో చూసి రండి.