పగడానికి పెట్టిన లైటు

“పగడానికి నీలం లైటే ఉండాలె బాపూ. దుకాణపాయన గూడ గదే చెప్పిండు గద,” అంది రవళి. మూడు రోజులుగా అంటున్న మాటే.

బాలరాజు తలెత్తలేదు. బక్కెట్టులో సముద్రపు ఉప్పు కరిగేదాకా కర్రతో తిప్పుతూనే ఉన్నాడు.

“నీలం లైటుల ఏం కనవడ్తది? ఇల్లు బారు లెక్క అయితది. లైటు మీటరు పెట్టి సూసిన. వెలుగు నీలం దాంట్ల రెండు వేలు, తెల్లదాంట్ల తొమ్మిది వేలు. ఇరవై రెండేండ్ల సంది లైట్లే చెక్ చేస్తున్న. నాకు చెప్తవా?”

“గా మీటరు మనిషి కండ్లకు ఎంత కనవడ్తదో గదే కొలుస్తదట. పగడానికి కావాల్సింది వేరేనట. దినాం జెరంత జెరంత పెంచాలెనట గని, ఒక్కసారే గంత ఎండ పెడ్తరా?”

“తండ్రీబిడ్డలు లైటు కిందనే కొట్లాడుకుంట కూసోండ్రి. బస్సు ఆగుతదా?” అంటూ బాలరాజు భార్య సునంద టిఫిన్ డబ్బా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

పగడం పెరిగే ఆ గాజుతొట్టి ఒకప్పుడు పటాన్‌చెరులోని బాలరాజు పనిచేసే లైట్ల కంపెనీ ఆఫీసు ముందుగదిలో ఉండేది. నాలుగేళ్ల కిందట మేనేజరు బదిలీ అయి వెళ్లాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పారేస్తామంటే బాలరాజు ట్రాలీ ఆటోలో కిష్టారెడ్డిపేట ఇంటికి తెచ్చుకున్నాడు. కొండాపూర్ పక్క పల్లెలో పుట్టి సముద్రమనేదే చూడని మనిషి, వారం వారం బక్కెట్టులో సముద్రం కలపడం నేర్చుకున్నాడు. పిడికెడు ఉన్న ఆకుపచ్చ పగడం రెండు దోసిళ్లంత పెరిగింది. తను పెంచితే పెరిగిందని చెప్పుకోవడానికి రవళి తర్వాత ఆయనకున్నది అదే.

పోయిన వారం పాత లైటు మాడిపోయింది. రవళి రంగుచేపల దుకాణంలో అడిగి అడిగి నీలం లైటు తెచ్చింది. బిగించి తొట్టిలోకి చూస్తే బాలరాజుకు చీకటి తప్ప ఏమీ కనపడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పై డబ్బాకు గీత పడిందని కంపెనీ పక్కన పెట్టిన వీధిలైటు ఒకటి అడిగి తెచ్చి, నీళ్లకు జానెడు ఎత్తున వేలాడదీశాడు. అప్పటినుంచి రోజూ పది గంటలు అది నిండుగా వెలుగుతోంది.

కంపెనీలో ఆయన బల్ల చీకటిగదిలో ఉంటుంది. వీధిలైటులో బిగించే ఒక్కో పలకలో నలభై ఎనిమిది బుడ్డ ఎల్ఈడీ దీపాలు. నల్ల అద్దంలోంచి చూసి, ఆరిపోయింది ఒక్కటున్నా ఆ పలకను పక్కన పెట్టాలి. ఏడాదిగా ఆయన చూపు నడిమధ్య ఒక మసక మరక కూచుంది. ఎటు చూస్తే అటే వస్తుంది. అందుకని తల పక్కకు తిప్పి, కంటి కొసతో చూడటం అలవాటు చేసుకున్నాడు. కోడిలా చూస్తున్నావని కుర్రవాళ్లు నవ్వితే మెడ పట్టిందనేవాడు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు పక్క బల్ల ఐలన్న తన డబ్బాలోని మామిడి తొక్కు ఆయనకు వేశాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

“అన్నా, కోపం చెయ్యకు. రెండు నెలల సంది నువ్వు పాస్ చేసినయన్నీ నేను మల్ల సూస్తున్న.”

బాలరాజు చేతిలో ముద్ద ఆగింది. “ఖరాబువి ఎన్ని దొరికినయి?”

“ఇయ్యాల పొద్దుగాల నాలుగు. నిన్న నాకు జరమొచ్చి సెలవు పెట్టిన గద. నిన్నటియి సూడక ముందే లారీ ఎక్కినయి.” ఐలన్న నవ్వబోయాడు, రాలేదు. “నీ చెయ్యి, నా కండ్లు అని నడిపిన. ఇగ నాతోని కాదన్నా. వాపస్ వస్తే ఇద్దరి కొలువులు పోతయి. నాకు చిన్న పిల్లలు.”

బాలరాజు తొక్కు కలుపుకుని తిన్నాడు. సాయంత్రం దాకా బల్ల ముందే కూచున్నాడు కానీ ఒక్క పలకనూ పాస్ చెయ్యలేదు. అన్నిటినీ ఐలన్న వైపు జరిపాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి రాజవ్వ తొట్టి ముందు చాపమీద కూచుని ఉంది.

“ఏందిరా బాలా, నీ చెట్టుకు సున్నమేసినవా?”

“పచ్చగనే ఉంది గదనే అవ్వా.”

“ఆపరేషన్ అయిన కండ్లు, నాకే కనవడ్తున్నది. తెల్లగ ఎండిన బొక్క లెక్కున్నది కొడకా.”

ఆయన వంగాడు. తల పక్కకు తిప్పి చూశాడు. మరక చుట్టూ వెలుతురు తప్ప రంగేదీ లేదు. ఇన్నాళ్లూ చూసింది నిరుటి పచ్చదనాన్నేనని అప్పుడు తెలిసింది. చొక్కా చెయ్యి మడిచి నీళ్లలో పెట్టాడు. బతికున్న పగడం జిగురుగా తగులుతుంది. ఇది గరుకు రాయిలా ఉంది. వేళ్లకు ఏదో తడిపొర అంటుకుని జారిపోయింది.

వెనక రవళి నిలబడి ఉంది. తువ్వాలు అందించింది.

సునంద చాయ్ తెచ్చింది. నలుగురూ కూచున్నారు. బాలరాజు గ్లాసు కింద పెట్టి, ఎవరివైపూ కాకుండా అన్నాడు:

“రేపటి సంది డ్యూటీకి పోను. నాకు కండ్లు కనవడ్తలేవు. యాడాది అయింది.”

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజవ్వ చెయ్యి చాచి కొడుకు మోకాలు తడిమింది.

తొట్టిలో, నిండు వెలుగు కింద, పొర ఊడిన పగడం కొమ్మలన్నీ విప్పుకుని తెల్లగా నిలబడి ఉంది.