ఒక్క మధ్యాహ్నంలో ముప్ఫై తొమ్మిది డ్రైవులు

మిన్నెసోటాలోని ఆ సరస్సుల పరిశోధన కేంద్రంలో కంప్యూటర్ల బాధ్యత బ్రెంట్‌ది. డైరెక్టర్ గార్లాండ్‌కు గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టుకునే గుడిసె కట్టిపెట్టిన పుణ్యాన వచ్చిన ఉద్యోగం. పరిశోధనల సమాచారం దాచే డ్రైవులన్నీ పాత ఫైల్ సిస్టం నుంచి, అంటే ఫైళ్లు అమర్చే పాత పద్ధతి నుంచి, కొత్తదానికి మార్చాలని సోమవారం ఉత్తర్వు వచ్చింది. మిగతా వాళ్లంతా చేపల లెక్కకని పడవలేసుకుని వెళ్లారు. వాళ్ల డ్రైవులూ, బీరువాలోని నకళ్లూ కలిపి ముప్ఫై తొమ్మిదింటిని బ్రెంట్ ఆ సాయంత్రంలోగా మార్చేశాడు. ఆఖరిదాని కోసం సోల్వీగ్ గదికి వచ్చాడు.

సోల్వీగ్ ఇరవై రెండేళ్లుగా సరస్సుల్లో ఈదే లూన్ పక్షుల కూతలు రికార్డు చేస్తోంది. దోమలు పీక్కుతింటుంటే పడవలో కదలకుండా కూర్చుని పట్టుకున్న కూతలవి. వాటిని కూసిన పక్షుల్లో సగం ఇప్పుడు బతికి లేవు. ఆ కూతలన్నీ ఈ ఒక్క డ్రైవులో, కేంద్రంలోని మిగతా డ్రైవుల్లోలాగే ఎన్‌క్రిప్షన్ అనే రహస్య లిపి తాళం వెనక ఉన్నాయి.

"దీని తాళం తీసే పని ఇంకా నడుస్తోంది నాయనా, పదకొండు శాతం అయింది," అంది. "గురువారానికి పూర్తవుతుంది. అప్పుడు నేనే మారుస్తాలే."

"గురువారమా? నాకు ఒక్కోదానికి రెండు నిమిషాలు పట్టలేదండీ."

"తాళం తియ్యకుండా ఎలా మార్చావ్?"

"మీ కాలంలో అలా ఉండేదేమో," అని బ్రెంట్ జాలిపడ్డాడు. ఆ జాలికి సోల్వీగ్‌కు ఒళ్లు మండింది. డ్రైవు మాత్రం ఇవ్వలేదు.

బుధవారం అందరూ తిరిగొచ్చాక సమావేశం పెట్టారు. గార్లాండ్ గోడ మీద పటం వేసి చూపించాడు.

"కొత్త సిస్టం మహిమ చూశారా? ఒక్కో డ్రైవులో తొంభై తొమ్మిది శాతం జాగా మిగిలింది. ఇక కొత్త డ్రైవులు కొనే పనే లేదు. ఇదంతా బ్రెంట్ చలవ." చప్పట్లు కొట్టించి సోల్వీగ్ వైపు తిరిగాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మీది ఇంకా ఎక్కడుంది?"

"అరవై నాలుగు దగ్గర," అంది సోల్వీగ్. ఆమె చూపు పటం మీదే ఉంది. "జాగా అంతా మిగిలితే, మన ఫైళ్లెక్కడున్నాయి?"

"కుదించుకుపోయి ఉంటాయి," అన్నాడు బ్రెంట్.

ముప్ఫై చలికాలాల మంచు మందం కొలిచిన ఆరిన్ పక్కనే ఉన్నాడు. తన డ్రైవు తెచ్చి తగిలించాడు. అందులో ఏమీ లేదు. బీరువాలోంచి నకలు తెచ్చి పెట్టాడు. అందులోనూ ఏమీ లేదు.

"ఏ బటన్ నొక్కావయ్యా?" అడిగింది సోల్వీగ్.

"మార్చు అనేది వెలగలేదండీ. పక్కన తుడిచెయ్యి అనేది వెలుగుతోంది. అది నొక్కితే కొత్త సిస్టం పేరే వచ్చింది."

తాళం తియ్యనిదే మార్చు బటన్ వెలగదని అతనికి చెప్పి ఇప్పుడేం లాభం? ఆరిన్ తెర వంక చూస్తూ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లుగా అతను కొలిచిన మంచు ఏ వేసవికి ఆ వేసవికి కరిగిపోయింది. మిగిలినవి అంకెలే, అవీ పోయాయి.

గార్లాండ్ మాత్రం పెద్ద ఉద్యోగం ఊరికే సంపాదించలేదు. గోడ మీది పటం తీసేశాడు.

"సరే, జరిగిందేదో జరిగింది. ఇకనుంచి మన కేంద్రం దృష్టంతా లూన్ పక్షుల మీదే. వార్షిక నివేదికలో అలాగే రాద్దాం. అంత విలువైన డ్రైవు మీ గదిలో ఉంచడం మంచిది కాదు సోల్వీగ్, బ్రెంట్ దగ్గర భద్రంగా పెడదాం."

ఆమె లేచి తన గదికి నడిచింది. డ్రైవు వెచ్చగా, గుయ్యిమంటూ పనిచేస్తోంది. అరవై ఐదు శాతం. వరండాలో అడుగుల చప్పుడు వినిపించి, ఎవరూ లాగకుండా వైరు మీద చెయ్యి వేసింది.

వచ్చింది ఆరిన్. ఒక కుర్చీ ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వెళ్లి భోంచేసి రా," అన్నాడు. "నేను చూసుకుంటాలే. నాకింక చూసుకోవడానికి ఏముంది?"