బిగించినవాడి సీటు

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో నడిచే బండికి స్నార్కెల్, అంటే ఇంజనుకు పైనుంచి గాలి అందించే నిలువుగొట్టం, ఎవరు బిగిస్తే, ఆ బండి మొదటిసారి నీళ్ళలో దిగేటప్పుడు వాళ్ళే డ్రైవరు పక్క సీట్లో కూర్చోవాలి. దాటితే మెప్పు, మునిగితే తిట్లు, రెండూ ఆ సీట్లోనే అందుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది షెడ్డు యజమాని, మామగారు. పని చేసి గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడేవాడిని ఆయన చచ్చినా నమ్మడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ సీటు పెద్దల్లుడిది. పెళ్ళయిన ఏడాదే షెడ్డులో చేరాడు. ఎన్ని జీపుల్లో కూర్చున్నాడో లెక్క లేదు గానీ, ఒక్కదానిలో కూడా పాదం తడవలేదని మాత్రం అడిగినా అడక్కపోయినా చెబుతాడు. గట్టు మీద నుంచి మామగారు తల ఊపితే చాలు, ఆ వారమంతా ఇంట్లో కూడా అతని నడక మారిపోయేది.

అలాంటి సీటుకు ఈ ఏడాది ఇంకొకడు తయారయ్యాడు. చిన్నల్లుడు, అంటే పెద్దల్లుడి భార్యకు చెల్లెలి మొగుడు. రెండేళ్ళ కిందట వేరే ఊరి వర్క్‌షాపు వదిలి ఇక్కడికి వచ్చాడు. మాట తక్కువ, చెయ్యి శుభ్రం. రోజంతా బండి కింద దొర్లి లేచినా వాడి తెల్ల చొక్కా మీద ఒక్క మరక ఉండదు. పెద్దల్లుడికి వాడి మీద మంట ఆ చొక్కా దగ్గరే మొదలైంది. మనిషన్నాక మరక అంటాలి కదా అని భార్యతో అంటే, మీ చొక్కాలు ఉతికేది నేనే, నాకు తెలుసులెండి అని ఆవిడ నవ్వేసింది.

వానాకాలం ఇంకా మూడు వారాలుందనగా పశువుల డాక్టరమ్మ తన పాత డీజిల్ జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. ఏటికి అవతల పదకొండు పల్లెలు ఆవిడ కింద ఉన్నాయి. వానలు మొదలైతే రేవులో నీళ్ళు బానెట్ దాకా వస్తాయి, నాలుగు నెలలు ఏ బండీ అటు పోదు. పోయిన ఏడు గొంతువాపు వచ్చి దూడలు వరసగా పడిపోతుంటే, ఈ గట్టున టీకాల పెట్టె పట్టుకుని నిలబడి చూడడం తప్ప ఆవిడ చెయ్యగలిగింది లేకపోయింది. ఈసారి అలా నిలబడనని, బండి ఏరు దాటాల్సిందేనని చెప్పింది. వెళ్ళబోతూ ఇంకో మాట కూడా అంది. ఫారెస్టు వాళ్ళ జీపుకు స్నార్కెల్ బిగించినతనే దీనికీ బిగించాలి.

ఫారెస్టు జీపు చిన్నల్లుడు చేసింది.

మామగారు ఒక్క క్షణం ఆలోచించి పని పంచాడు. స్నార్కెల్ చిన్నల్లుడికి. కింది పనంతా పెద్దల్లుడికి. యాక్సిళ్ళకూ గేరుబాక్సుకూ ఉండే గాలిగొట్టాలను పొడిగించి బానెట్ పైదాకా తేవడం, వైర్ల జాయింట్లలో గ్రీజు నింపడం, కిందున్న ప్రతి చిల్లునూ సీలు చెయ్యడం. నిజానికి స్నార్కెల్ ఎంత గొప్పగా బిగించినా ఈ కింది పని సరిగా లేకపోతే బండి ఏటి మధ్యలో కూలబడుతుంది. ఆ సంగతి మామగారికీ తెలుసు, పెద్దల్లుడికీ తెలుసు. కానీ బండిని చూసినవాళ్ళెవరూ ఒంగి యాక్సిలు వైపు చూడరు. అద్దం పక్కన నిటారుగా లేచిన ఆ నల్లటి గొట్టాన్నే చూస్తారు, అబ్బా అంటారు. ఆ అబ్బా కోసమే పెద్దల్లుడి ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ వారమంతా అతను వంకలు పెట్టడమే పనిగా పెట్టుకున్నాడు. చిన్నల్లుడు మడ్‌గార్డు మీద కాగితం అంటించి చిల్లు కొలతలు గీస్తుంటే, కాగితం జారింది చూసుకో అన్నాడు. చిల్లు కోస్తుంటే, ఇనుప రజను లోపల పడుతోంది, గుడ్డ కుక్కావా అన్నాడు. గుడ్డ కుక్కే ఉంది. కోసిన అంచుకు రంగు వేస్తే పలచగా ఉందన్నాడు, ఇంకో పూత వేస్తే దళసరి అయిందన్నాడు. సిలికాన్ ఎక్కువైందన్నాడు. క్లిప్పు వదులన్నాడు. నిలువుగొట్టం ఎడమకు వాలిందని ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసి మరీ చెప్పాడు.

చిన్నల్లుడు ప్రతిదానికీ సరే అన్నయ్యా అనేవాడు. అని ఊరుకుంటే బాగుండేది. స్పానరు పక్కన పెట్టి, నిజంగానే వెళ్ళి మళ్ళీ చూసుకునేవాడు. తిరగబడితే గొడవ పడొచ్చు, పెడచెవిన పెడితే మామగారికి చెప్పొచ్చు. ఈ సరేని ఏం చేసుకోవాలో పెద్దల్లుడికి పాలుపోలేదు. మంట ఇంకా పెరిగింది.

ఆరో రోజు సాయంత్రం, వెలుతురు ఇంకా ఉండగానే, అతను షెడ్డులోని రిపేరు గుంటలో దిగి జీపు కింద నిలబడి చివరి గాలిగొట్టానికి పట్టీ వేస్తున్నాడు. టార్చి పక్కకు తిరిగితే ఎయిర్ ఫిల్టరు డబ్బా అడుగు కనిపించింది. ఆ డబ్బా అడుగున చిన్న రబ్బరు మూతి ఉంటుంది, లోపల పడిన దుమ్మూ చెమ్మా కారిపోవడానికి. డబ్బా నుంచి పైకి పోయే దారంతా చిన్నల్లుడు పట్టుగా సీలు చేశాడు. ఈ మూతిని మాత్రం చూడలేదు. అది ఎండి, పక్కగా వేలి గోరంత పొడుగున పగిలి ఉంది.

పెద్దల్లుడు టార్చి దగ్గరగా పెట్టాడు. పగులును వేలితో నొక్కాడు, విచ్చుకుంది. వదిలాడు, మూసుకుంది.

దాని అర్థం అతనికి చప్పున తట్టింది. షెడ్డులో స్నార్కెల్‌ను పరీక్షించే తీరు ఒకటుంది. ఇంజను నడుస్తుండగా గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెడతారు. ఎక్కడా కంత లేకపోతే గాలి అందక ఇంజను ఆగిపోతుంది, కంత ఉంటే నడుస్తూనే ఉంటుంది. ఈ పగులు ఆ పరీక్షకు దొరకదు. ఇంజను గాలి లాగేటప్పుడు రబ్బరు లోపలికి అతుక్కుని పగులు మూసుకుపోతుంది. నీళ్ళలో బండి కుదుపుకు అదే విచ్చుకుంటుంది. నీళ్ళు డబ్బాలోకి, అక్కడి నుంచి ఇంజనులోకి పోతాయి. గాలిని నొక్కినట్టు పిస్టన్ నీళ్ళను నొక్కలేదు, రాడ్డు వంగుతుంది. అంతే సంగతులు.

ఒక్క మాట చాలు. వారమంతా లేని తప్పులు వందసార్లు చెప్పిన నోరు ఉన్న తప్పు చెప్పడానికి రాలేదు. రేపు బండిని దింపి చూసే కంకర గుంటలో, మామగారి కళ్ళ ముందు, ఆ సీట్లో కూర్చున్న తెల్ల చొక్కావాడు మోకాళ్ళ దాకా తడుస్తాడు. ఆ బొమ్మ కళ్ళ ముందు కదిలితే అతనికి హాయిగా అనిపించింది. హాయిగా అనిపించినందుకు కొంచెం భయం కూడా వేసింది. టార్చి ఆర్పి గుంటలోంచి పైకి వచ్చాడు. చిన్నల్లుడు బల్ల దగ్గర చేతులు తుడుచుకుంటూ ఇటే చూస్తున్నాడు. పెద్దల్లుడు చూపు తిప్పుకుని సైకిలెక్కాడు.

ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. డాక్టరమ్మ బండి అయిపోయిందా అని భార్య అడిగింది. అయిపోయిందన్నాడు.

"మరిది బాగా చేశాడటగా. చెల్లెలు చెప్పింది. మీరు పక్కనుండి అన్నీ చూసి చెబుతున్నారటగా, మీరంటే అతనికి ఎంత గురో అని మురిసిపోతోంది."

అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు ఉదయం మామగారు స్టూలెక్కి స్నార్కెల్ మూతికి అరచెయ్యి పెట్టాడు. ఇంజను రెండు సార్లు వణికి ఆగిపోయింది. ఆయన ముఖం వికసించింది. చిన్నల్లుడి భుజం తట్టాడు, అదీ పెద్దల్లుడు చూస్తుండగానే. తట్టించుకో, ఇంకో గంట ఆగు అనుకున్నాడు పెద్దల్లుడు.

కంకర తవ్వి వదిలేసిన గుంట ఊరి చివర ఉంది. ఒక పక్క నుంచి దిగి ఇంకో పక్క ఎక్కొచ్చు, నడుమ ఛాతీ లోతు నీళ్ళు. నీళ్ళు ఇంజను మీదికి ఎగదన్నకుండా బానెట్ ముందు టార్పాలిన్ కట్టారు. డాక్టరమ్మ స్టీరింగ్ ముందు కూర్చుంది. షెడ్డు పద్ధతేమిటో మామగారు ఆవిడకు చెబితే, మంచి పద్ధతే, మా డిపార్టుమెంటులో కూడా పెడితే బాగుండు అని నవ్వింది. చిన్నల్లుడు పక్క సీట్లోకి ఎక్కాడు. టీకాల పెట్టె, లోపల టీకాలు లేకపోయినా, వెనక సీట్లో తాళ్ళతో కట్టి ఉంది. బరువుతో ఎలా పోతుందో చూడాలని ఆవిడ దాన్లో ఇటుకలు పేర్చింది.

పెద్దల్లుడి చూపు ఆ పెట్టె మీద పడింది. చూడకపోయి ఉంటే ఏమయ్యేదో. రాడ్డు వంగితే ఇంజను విప్పాలి, సామాను రావాలి, నెల పడుతుంది. ఈలోగా వానలు వస్తాయి. ఆవిడ మళ్ళీ ఈ గట్టునే నిలబడుతుంది. అతను ముంచుదామనుకున్నది ఒక చొక్కాను. మునిగేది ఆ చొక్కా ఒక్కటే కాదు.

ముందు చక్రాలు నీళ్ళను తాకాయి.

"ఆపండి" అన్నాడు. ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు. పరిగెత్తి బానెట్ మీద అరచేత్తో కొట్టాడు. బండి ఆగింది.

"మళ్ళీ ఏమొచ్చింది?" అన్నాడు మామగారు. ఆయన గొంతులో విసుగు తెలుస్తూనే ఉంది. "వారం నుంచి చూస్తున్నాను. ఈ ఒక్క పూటా వాణ్ణి ప్రశాంతంగా కూర్చోనివ్వవా?"

ఫిల్టరు డబ్బా కింద మూతి పగిలి ఉందని పెద్దల్లుడు చెప్పాడు. మామగారు నమ్మలేదు. నేను చెయ్యి పెట్టి చూశాను కదా, ఇంజను ఆగింది కదా అన్నాడు. నిజం చెబుతుంటే కూడా అది ఓర్వలేనితనంలాగే వినిపిస్తోందని పెద్దల్లుడికి తెలుస్తోంది. వినిపించక ఏం చేస్తుంది, వారమంతా అదే గొంతు.

చిన్నల్లుడు దిగి వచ్చాడు. బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాడు, అన్నయ్యా ఇలా రండి అన్నాడు. పెద్దల్లుడూ పక్కన పడుకున్నాడు. డబ్బా అడుగున పాత రబ్బరు లేదు. గట్టి కొత్త మూత, దాని చుట్టూ క్లిప్పు, అంచున సన్నగా సిలికాన్.

"నిన్న మీరు వెళ్ళాక మార్చాను" అన్నాడు చిన్నల్లుడు, పైవాళ్ళకు వినపడకుండా.

"నీకెలా తెలిసింది?"

"వారం రోజులుగా మీరు ప్రతిదానికీ ఏదో ఒకటి అన్నారు. ఇక్కడొక్కచోటే టార్చి పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అసలు లోపం ఇక్కడే ఉందనిపించింది."

పెద్దల్లుడికి తల తీసేసినట్టయింది. బండి కింద ఇద్దరి మొహాలకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. వాడి కళ్ళలో కోపం కోసం వెతికాడు. ఉంటే ఎంతో బాగుండేది.

ఇద్దరూ పైకి లేచారు. చిన్నల్లుడి చొక్కా వీపంతా బురద. సంగతేమిటని మామగారు అడిగితే వాడు మామూలుగా చెప్పాడు. "అన్నయ్య నిన్ననే చెప్పాడు మామయ్యా. నేను మార్చేశాను గానీ ఆ సంగతి ఆయనకు చెప్పడం మరిచాను. అందుకే కంగారు పడ్డాడు."

మామగారు పెద్దల్లుడి వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళలో ఆ పాత మెప్పు కనిపించింది. తొందరపడి మాటన్నందుకు నొచ్చుకున్నాడు. ఇదయ్యా అనుభవమంటే, నా చేతికి దొరకనిది నీ కంటికి దొరికింది అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఇంత పెద్ద మాట రాలేదు. ఆ మాట కోసం ఎన్ని పగళ్ళు బండ్ల కింద గడిపాడో, అది ఇప్పుడొచ్చి పడింది. చెంపదెబ్బ ఇంతకన్నా నయం అనిపించింది పెద్దల్లుడికి.

"ఈ పూట సీటు నీదే" అన్నాడు మామగారు. "ఎక్కు."

వద్దన్నాడు. బిగించింది తమ్ముడు కదా అన్నాడు. చిన్నల్లుడే తలుపు తీసి పట్టుకున్నాడు, రండన్నయ్యా అని. అందరూ చూస్తున్నారు. అసలు మాట చెప్పాలి, లేదా ఎక్కాలి. అతను ఎక్కాడు.

జీపు నీళ్ళలో దిగింది. చక్రాలు మునిగాయి, నీళ్ళు తలుపుల మీదికి వచ్చాయి, బానెట్ మీదుగా గోధుమరంగు అల పాకి అద్దానికి కొట్టింది. ఇంజను తొట్రుపడలేదు. తల పక్కనున్న గొట్టంలోంచి గాలి లోపలికి పోతున్న చప్పుడు ఒకే తీరున వినిపిస్తోంది. అంత చక్కగా బిగిసిన స్నార్కెల్ అతను కూడా ఎప్పుడూ బిగించలేదు. ఇన్నాళ్ళూ వాడి పనితనం చూసి కుళ్ళుకున్నాడు. ఇకమీదట వాడి మంచితనం చూసి కుళ్ళుకోవాలి. దానికి ఏ వంక పెట్టగలడు?

"మీరు చెప్పబట్టి సరిపోయింది" అంది డాక్టరమ్మ, రోడ్డు మీదే నడుపుతున్నంత స్థిమితంగా. "లేకపోతే ఏరు మధ్యలో నా గతేమయ్యేదో."

అవునమ్మా అందామనుకున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను చెప్పలేదమ్మా" అన్నాడు. "చూశాను. వాడి పరువు పోవాలని ఊరుకున్నాను. వాడే కనిపెట్టి మార్చుకున్నాడు."

ఆవిడ స్టీరింగ్ మీది చేతులు కదపలేదు. ఒక్కసారి మాత్రం తల తిప్పి అతన్ని చూసింది, మళ్ళీ ఎదురుగా చూస్తూ నడిపింది.

"అయితే ఈ సీటు మీది కాదు" అంది.

"కాదమ్మా" అన్నాడు. కిటికీ అద్దాల దాకా నీళ్ళున్నాయి, అవతలి గట్టు ఇంకా దూరముంది, దిగడానికి లేదు. పాదాలు మాత్రం పొడిగానే ఉన్నాయి.